మడ్ రద్దయి సిటీలో కలిస్తే ట్యాక్స్ పోతుందా? నీళ్లెవరిస్తారు?

మీరు అడిగినవి నాలుగు. హ్యూస్టన్ శివారులో, ఫోర్ట్ బెండ్ కౌంటీలో ఇల్లు కొన్నారు. పక్క సిటీ మీ మడ్‌ని, అంటే మున్సిపల్ యుటిలిటీ డిస్ట్రిక్ట్‌ని, రద్దు చేసి తనలో కలుపుకుంటుందని కాలనీలో అనుకుంటున్నారు. అలా కలిస్తే మడ్ ట్యాక్స్ పోతుందా? సిటీ రాకపోయినా అందరం సంతకాలు పెట్టి మనమే మడ్‌ని రద్దు చేయించుకోవచ్చా? నీళ్ల బిల్లు పెరుగుతుందా? ఈలోగా ఇల్లు అమ్మేయడం మేలా?

నేను టెక్సాస్‌లో నీటి సరఫరా, మురుగునీటి పనులు చూసే ఇంజనీర్‌ని. ఇలాంటి అప్పగింతల్లో కొన్నిసార్లు మడ్ వైపు, కొన్నిసార్లు సిటీ వైపు పనిచేశాను. నాకు తెలిసినంతా చెబుతాను. మీ మడ్ కాగితాల్లో ఏముందన్నది మాత్రం మీరే చూసుకోవాలి.

అన్నిటికంటే ముందు ఒక మాట. మడ్ రద్దయితే బోర్డు పోతుంది, పేరు పోతుంది, పన్ను బిల్లులో మడ్ అనే లైను కూడా పోతుంది. అప్పు మాత్రం పోదు. అది సిటీ నెత్తిన పడుతుంది. సిటీ దాన్ని ఏదో ఒక దారిలో వసూలు చేసుకుంటుంది. ఆ దారి ఏమిటో తేలితే మీ ప్రశ్నల్లో మూడింటికి జవాబు దొరికినట్టే.

ఆ అప్పు ఎలా వచ్చిందో చాలామందికి తెలియదు. క్లోజింగ్ రోజు పెట్టే సంతకాల్లో మడ్ నోటీసు కూడా ఒకటి ఉంటుంది, ఎవరూ చదవరు. మీ కాలనీ ఒకప్పుడు పొలం. అక్కడికి సిటీ పైపు రాలేదు. డెవలపర్ తన డబ్బుతో బోర్లు, ట్యాంకులు, నీళ్ల పైపులు, మురుగు ప్లాంటు, వాన నీళ్లు నిలిచే చెరువులు కట్టించాడు. ఇళ్లు లేచి, పన్ను వేయడానికి తగిన విలువ ఏర్పడ్డాక మడ్ బాండ్లు అమ్మి ఆ డబ్బు అతనికి తిరిగిచ్చింది. ఆ బాండ్లు తీరడానికి ఇరవై, పాతికేళ్లు పడుతుంది. మీరు కట్టే మడ్ ట్యాక్స్‌లో పెద్ద భాగం ఆ వాయిదాలకే పోతుంది, మిగతాది నిర్వహణకు. ఇళ్లు తక్కువగా ఉన్న తొలి ఏళ్లలో ఈ పన్ను వంద డాలర్ల విలువకు డాలర్ దాకా ఉండటం మామూలే. కాలనీ నిండేకొద్దీ అదే అప్పు ఎక్కువ ఇళ్ల మీద పంచుకోవడం వల్ల రేటు దిగుతుంది. అందుకే మీ మడ్ వయసెంత అన్నది సిటీ కలుపుకుంటుందా లేదా అన్నదానికంటే ముందు తెలుసుకోవలసిన విషయం. పదిహేనేళ్ల మడ్ లెక్క వేరు, మూడేళ్ల మడ్ లెక్క వేరు.

ఇప్పుడు సంతకాల సంగతి. మడ్ చిన్నదైనా అది ప్రభుత్వమే. 1917లో టెక్సాస్ రాజ్యాంగంలో చేర్చిన 16వ అధికరణం 59వ సెక్షన్ దీనికి మూలం. వాటర్ కోడ్ 54వ అధ్యాయం కింద నడుస్తుంది, అయిదుగురు డైరెక్టర్ల ఎన్నికైన బోర్డు ఉంటుంది, పైన టీసీఈక్యూ అనే రాష్ట్ర పర్యావరణ సంస్థ పర్యవేక్షణ ఉంటుంది. బాండ్లు అమ్మకముందైతే బోర్డు తనంతట తానే మడ్‌ని రద్దు చేసుకోవచ్చు. అయిదేళ్లు వరుసగా ఏ పనీ లేకుండా ఉండి, బాండ్ల అప్పు లేకపోతే టీసీఈక్యూ విచారణ జరిపి రద్దు చేయొచ్చు. మీది ఈ రెండింట్లోనూ లేదు. మీ కుళాయిలో నీళ్లు వస్తున్నాయి, బాండ్లు బాకీ ఉన్నాయి. బాండ్లు కొన్నవాళ్లకు పన్ను వసూలు చేసి ఇస్తామని మాటిచ్చిన సంస్థని, ఆ మాట మోసే మరొకరు లేకుండా మూసేయడం కుదరదు. ఆ మరొకరు మన దగ్గర సాధారణంగా సిటీయే. కాబట్టి మీ ఇంటి ముందు సంతకాల కోసం ఎవరైనా తిరుగుతుంటే, అది దేని కోసమో అడిగి తెలుసుకోండి. రద్దు కోసమైతే ఆ కాగితం ఎక్కడికీ వెళ్లదు.

కాలిఫోర్నియాలో ఉన్న బంధువులు మీకు వేరేలా చెప్పొచ్చు, అక్కడి పద్ధతి వేరు. కాంప్టన్ దగ్గర సతీవా అనే చిన్న నీటి డిస్ట్రిక్ట్‌లో 2018లో కుళాయిల్లో గోధుమరంగు నీళ్లు వచ్చి జనం రోడ్డెక్కారు. రాష్ట్రం ప్రత్యేకంగా చట్టం చేసి దాన్ని లాస్ ఏంజిలిస్ కౌంటీకి అప్పగించింది, తర్వాత కౌంటీ ఆ వ్యవస్థని ఒక ప్రైవేటు నీటి కంపెనీకి అమ్మింది. అలాంటి దారి టెక్సాస్‌లో ఆశించకండి.

సిటీ కలుపుకోవడానికి మీ అనుమతి కావాలా అన్నది చాలా ఏళ్లుగా మారుతూ వచ్చింది. 1996లో హ్యూస్టన్ నగరం కింగ్‌వుడ్‌ని అక్కడివాళ్లు ఎంత వద్దన్నా కలిపేసుకుంది. ఆ కోపం చల్లారలేదు. 1999లో చట్టసభ విలీనాలకు ముందస్తు ప్రణాళిక తప్పనిసరి చేసింది, 2017లో పెద్ద కౌంటీల్లో ప్రజల సమ్మతి కావాలంది, 2019లో ఆ నియమాన్ని దాదాపు రాష్ట్రమంతటికీ వర్తింపజేసింది. ఇప్పుడు 200 మంది లేదా అంతకు మించి ఉన్న ప్రాంతాన్ని కలుపుకోవాలంటే మామూలుగా అక్కడ ఓటింగ్ పెట్టి గెలవాలి. కానీ ఒక పెద్ద మినహాయింపు ఉంది. మీ మడ్, సిటీ కలిసి ఇదివరకే స్ట్రాటజిక్ పార్ట్‌నర్‌షిప్ ఒప్పందం చేసుకుని, అందులో విలీనం తేదీ రాసుకుని ఉంటే, ఇప్పుడు మళ్లీ మీ ఓటు అడగరు. ఆ ఒప్పందం మీరు ఇల్లు కొనకముందే జరిగి ఉండొచ్చు. మొట్టమొదట అడగవలసిన కాగితం అదే.

దానికంటే ముందు అసలు మీరు ఏ సిటీ పరిధి కిందికి వస్తారో చూసుకోండి. అడ్రస్‌లో ఉన్న ఊరు పేరు పోస్టాఫీసు వాళ్లది. సింకో రాంచ్ వాళ్ల ఉత్తరాల మీద కేటీ అని ఉంటుంది, కాని అది హ్యూస్టన్ ఈటీజే, అంటే హద్దు బయట ఆ నగరానికి కొంత అధికారం ఉన్న ప్రాంతం. కింగ్‌వుడ్ అనుభవం తర్వాత హ్యూస్టన్ మడ్‌లని పూర్తిగా కలుపుకోవడం దాదాపు మానేసింది. మడ్‌లోని దుకాణాల వరకు పరిమితంగా కలుపుకుని, అమ్మకపు పన్ను మడ్‌తో పంచుకుంటుంది. మీరు అలాంటి చోట ఉంటే ఈ టెన్షన్ అంతా ఇప్పట్లో అక్కర్లేదు.

మీకు దగ్గరలోనే జరిగిన మంచి ఉదాహరణ షుగర్ ల్యాండ్. గ్రేట్‌వుడ్, న్యూ టెరిటరీ రెండూ మన తెలుగువాళ్లకు బాగా తెలిసిన కాలనీలే. 2017 డిసెంబర్ 12న అవి సిటీలో కలిశాయి, ఒక్క రోజులో సుమారు 30,000 మంది షుగర్ ల్యాండ్ వాసులయ్యారు. అక్కడి మడ్‌లు రద్దయ్యాయి. ఇది హఠాత్తుగా జరగలేదు. చాలా ఏళ్ల ముందే ఒప్పందాలు రాసుకున్నారు. ఆ ఏడాది సిటీ పన్ను రేటు వంద డాలర్లకు సుమారు 32 సెంట్లు.

ఇందులో రెండు సంగతులు గమనించండి. ఒకటి, డిసెంబర్. ఆస్టిన్‌లో లాస్ట్ క్రీక్ 2015 డిసెంబర్ 15న, రివర్ ప్లేస్ 2017 డిసెంబర్ 15న కలిశాయి. టెక్సాస్‌లో ఆస్తి పన్నుకి జనవరి 1 నాటి స్థితే లెక్క. డిసెంబర్‌లో కలిస్తే ఆ ఏడాదికి మడ్ వేసిన పన్ను కట్టాల్సిందే, జనవరి నుంచి సిటీ పన్ను మొదలు. అంటే మడ్ పోయిందన్న కబురు వచ్చిన కొద్ది రోజులకే చేతిలో మడ్ బిల్లు ఉంటుంది. అది పొరపాటున వచ్చిందనుకుని పక్కన పడేసి వడ్డీ కట్టినవాళ్లున్నారు. మీరు ఎస్క్రోలో, అంటే లోను కంతుతో పాటే బ్యాంకు ద్వారా పన్ను కడుతుంటే, తగ్గిన పన్ను మీ నెలవారీ కంతులో కనిపించడానికి ఇంకా ఆలస్యం అవుతుంది, ఎందుకంటే బ్యాంకు ఏడాదికోసారే ఎస్క్రో లెక్క చూస్తుంది.

రెండోది, లెవీ డిస్ట్రిక్ట్ (ఎల్ఐడీ), అంటే వరద కట్టల డిస్ట్రిక్ట్. గ్రేట్‌వుడ్‌లో ఎల్ఐడీ 11, న్యూ టెరిటరీలో ఎల్ఐడీ 7 వరద కట్టలు, పంపులు చూసే వేరే డిస్ట్రిక్ట్‌లు. మడ్‌లు పోయినా అవి అలాగే ఉన్నాయి, వాటి పన్ను కూడా ఉంది. మీ పన్ను బిల్లు తీసి ఒక్కో లైను చదవండి. మడ్ ఒక్కటే పోతుంది. ఎల్ఐడీ, కౌంటీ, స్కూల్ పన్నులు ఉంటాయి. ఫైర్, అంబులెన్సులు చూసే డిస్ట్రిక్ట్ (ఈఎస్‌డీ) ఉంటే దాని సంగతి సిటీ తేల్చాలి. కాలనీ ఇళ్ల యజమానుల సంఘం (హెచ్‌ఓఏ) ఫీజుకీ దీనికీ అసలు సంబంధమే లేదు.

ఇక లెక్క. ఊహకి ఒక ఇల్లు తీసుకుందాం, పన్ను వేసే విలువ 4,50,000 డాలర్లు. మడ్ రేటు 65 సెంట్లయితే ఏడాదికి 2,925 డాలర్లు. సిటీ రేటు 35 సెంట్లయితే 1,575. మిగులు 1,350. కాలనీ మీటింగ్‌లో అందరూ చప్పట్లు కొట్టేది ఈ అంకెకే. కానీ మడ్ బాండ్ల వాయిదాలు ఇప్పుడు సిటీ కట్టాలి. సిటీ తన పన్ను అందరికీ ఒకే రేటున వేయాలి, మీ కాలనీకి మాత్రమే ఎక్కువ వేయడానికి రాజ్యాంగం ఒప్పుకోదు. పాత సిటీవాళ్లేమో వాళ్ల అప్పు మేమెందుకు కట్టాలంటారు, వాళ్లన్నదీ న్యాయమే. అందుకే చాలా సిటీలు మడ్ పుట్టినప్పుడే, అనుమతి ఇచ్చే కాగితంలో ఒక షరతు పెట్టుకుంటాయి: విలీనం తర్వాత ఆ ప్రాంతం వాళ్ల నీళ్లు, మురుగు బిల్లు మీద సర్‌చార్జీ వేయొచ్చని. వాటర్ కోడ్ 54.016 దీనికి అవకాశమిస్తుంది. మన ఉదాహరణలో సర్‌చార్జీ నెలకు 40 డాలర్లు అనుకుంటే ఏడాదికి 480, మిగులు 870కి దిగింది. ఇంతకు ముందు మడ్ చెత్త ఫీజు విడిగా తీసుకోకుండా నడిపి ఉంటే అదీ కలపండి. అదే మడ్ పాతదై రేటు 30 సెంట్లకు దిగి ఉంటే, కలిశాక మీరు ఇప్పటికంటే ఎక్కువే కడతారు. అప్పుడు అడగవలసింది, ఆ ఎక్కువకి పోలీసు, రోడ్లు, లైబ్రరీ, పార్కుల్లో మనకు అదనంగా ఏమొస్తుందని.

సిటీలు తటపటాయించడానికి కూడా కారణం ఈ అప్పే. బాండ్లతో పాటు, డెవలపర్‌కి ఇంకా తిరిగివ్వని ఖర్చు ఉంటే చాలా సిటీలు విలీనానికి ముందే దాన్ని నగదుగా చెల్లించాలని చట్టం. కొత్త మడ్‌లలో ఆ బాకీ పెద్దగా ఉంటుంది, కాబట్టి సిటీ కొన్నేళ్లు ఆగి, అప్పు కరిగాక వస్తుంది. మీది కొత్త మడ్ అయితే కాలనీలో నడుస్తున్న మాటను అంత త్వరగా నమ్మకండి.

నీళ్ల సంగతికి వస్తాను, నా అసలు పని ఇదే. కాగితం మీద అప్పగింత సులువు. లోకల్ గవర్నమెంట్ కోడ్ 43.075 ప్రకారం సిటీ మడ్ ఆస్తులన్నీ తీసుకోవాలి, అప్పులన్నీ మోయాలి, మడ్ చేసే పనులన్నీ చేయాలి. కలిసిన 90 రోజుల్లోపు ఆ తేదీని ఆర్డినెన్స్‌తో ప్రకటించాలి. ప్రకటించకపోతే 91వ రోజున బాధ్యత దానంతటదే సిటీకి వచ్చేస్తుంది. కాని మడ్‌కి సాధారణంగా సొంత ఉద్యోగులుండరు. పైపులు చూసేది కాంట్రాక్టు ఆపరేటర్, లెక్కలు ఒక బుక్‌కీపర్, నక్షాలు ఒక ఇంజనీరింగ్ కంపెనీ, చట్టం ఒక లాయర్. మడ్ గురించి తెలిసిన సంగతులన్నీ ఈ నలుగురైదుగురి దగ్గర చెదిరి ఉంటాయి, రద్దయిన రోజున వాళ్లందరి కాంట్రాక్టులూ ముగుస్తాయి.

ఒక అప్పగింతలో నేను చూసింది చెబుతాను. మురుగు ఎత్తిపోసే లిఫ్ట్ స్టేషన్‌లో పంపు ఆగితే, నీటిమట్టం పెరగగానే ఒక చిన్న పెట్టె దానంతటదే ఫోన్ చేస్తుంది. బదిలీ అయిన కొద్ది రోజులకి అర్ధరాత్రి వర్షంలో పంపు ఆగింది. పెట్టె ఫోన్ చేసింది, పాత ఆపరేటర్ నంబర్‌కి. ఆయనకి ఆ కాంట్రాక్టు ఇక లేదు. అయినా లేచి సిటీవాళ్లకి ఫోన్ చేశాడు కాబట్టి సరిపోయింది, లేకపోతే పల్లంలో ఉన్న ఇళ్ల స్నానాల గదుల్లోకి మురుగు ఎగదన్నేది. అప్పటి నుంచి నేను అప్పగింత జాబితాలో మొదట రాసేది ప్రతి లిఫ్ట్ స్టేషన్‌లో అలారం ఎవరికి మోగుతుందో స్వయంగా మోగించి చూడమని.

పైపుల స్థితి కూడా అంతే ముఖ్యం. కొన్నేళ్లలో సిటీ వస్తుందని తెలిసిన బోర్డు మరమ్మతుల మీద డబ్బు పెట్టడానికి వెనకాడుతుంది, అది మానవ సహజం. బదిలీకి ముందు మురుగు పైపుల్లోకి కెమెరా పంపి చూడాలి, మ్యాన్‌హోళ్లు వాన రోజున చూడాలి. ఎండలో బాగానే కనిపించే మ్యాన్‌హోల్ గోడల్లోంచి వానలో నీళ్లు కారుతుంటాయి, ఆ నీళ్లన్నీ ప్లాంటు మీద పడతాయి. వాల్వులు తిప్పి చూడాలి. నక్షాలో ఉన్న వాల్వు తారు కింద పూడిపోయి ఉండటం చాలాసార్లు చూశాను. పైపు పగిలిన రోజున ఆ ఒక్క వాల్వు దొరక్క ఒక వీధికి బదులు మొత్తం కాలనీకి నీళ్లు ఆపాల్సి వస్తుంది.

ఇంట్లో మీకు నేరుగా తెలిసే మార్పు నీళ్ల రుచి. బోరు నీళ్లతో నడిచే మడ్‌లు తరచుగా ఉత్త క్లోరిన్ వాడతాయి. నది నీళ్లు శుద్ధి చేసే సిటీలు ఎక్కువగా క్లోరమైన్, అంటే క్లోరిన్‌కి అమ్మోనియా కలిపి చేసేది, వాడతాయి. ఈ రెండూ పైపుల్లో ఇష్టం వచ్చినట్టు కలిస్తే ఒకదాన్నొకటి తినేసి, నీళ్లలో రక్షణగా ఉండాల్సిన మోతాదు పడిపోతుంది, వాసన కూడా వస్తుంది. అందుకే పైపులన్నీ బాగా కడిగి, ఒక తేదీన మొత్తం మార్చాలి. ఇంట్లో చేపల తొట్టి ఉంటే క్లోరమైన్‌ని తీసే మందు వేయాలి. క్లోరిన్‌కి చేసినట్టు నీళ్లు రాత్రంతా ఆరబెడితే సరిపోదు. ఇంట్లో డయాలసిస్ చేసుకునే పెద్దవాళ్లుంటే ఆ తేదీని ముందుగానే డయాలసిస్ సెంటర్‌కి చెప్పి, మెషిన్‌కి ముందుండే ఫిల్టర్లు సరిచూపించండి. దీన్ని మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ తేలిగ్గా తీసుకోకండి.

బిల్లులో భూగర్భజలం ఫీజు అని ఒకటి ఉంటుంది చూడండి, సిటీ వస్తే అది పోతుందని ఆశపడకండి. బోర్లతో తోడి తోడి నేల కుంగుతోందని హారిస్, గాల్వెస్టన్ కౌంటీలకు 1975లో, ఫోర్ట్ బెండ్‌కి 1989లో సబ్‌సిడెన్స్ డిస్ట్రిక్ట్‌లు వచ్చాయి. బోర్లు తగ్గించి నది నీళ్లకు మారాలన్నది వాటి నియమం. మారే ఖర్చు మడ్ అయినా సిటీ అయినా ఎవరో ఒకరు వసూలు చేస్తారు.

ఓటు గురించి. మనవాళ్లలో చాలామంది వీసా మీదో గ్రీన్‌కార్డు మీదో ఉంటారు, కాబట్టి ఓటింగ్ జరిగినా ఓటు ఉండదు. కానీ బోర్డు మీటింగ్‌కి ఎవరైనా వెళ్లొచ్చు, అజెండాలో ఉన్న విషయం మీద మాట్లాడే హక్కు టెక్సాస్ చట్టం ఇచ్చింది, పౌరసత్వం అడగరు. కాగితాలు కోరే హక్కు కూడా అంతే. కొన్ని విలీనాల్లో ఓటర్ల సమ్మతితో పాటు భూమి యజమానుల సంతకాలూ కావాలి, అక్కడ ఇంటి యజమానిగా మీ సంతకానికి విలువ ఉంది. మడ్ మీటింగ్‌కి చాలాచోట్ల డైరెక్టర్లు, కన్సల్టెంట్లు తప్ప ఎవరూ రారు. పదిమంది కాలనీవాళ్లు కూర్చుంటే ఆ గదిలో మాట తీరే మారిపోతుంది, నేను కళ్లారా చూశాను.

కలిసిన తర్వాత విడిపోవడమూ జరగని పని కాదు. 2023లో చేసిన ఒక చట్టం వల్ల ఆస్టిన్ కొన్ని ప్రాంతాల్లో ఎన్నిక పెట్టాల్సి వచ్చింది, 2024 మేలో లాస్ట్ క్రీక్ వాళ్లు భారీ మెజారిటీతో సిటీ నుంచి బయటికి వచ్చారు. నీళ్లు, మురుగు పని మాత్రం తిరిగి కాలనీ చేతికి రాలేదు. సిటీ వద్దనుకోవడం వేరు, నీళ్లు మురుగు మళ్లీ మనమే నడుపుకోవడం వేరు. కాబట్టి కలిసేముందే సర్వీస్ ప్లాన్‌లో ప్రతి పనీ ఎవరిదో, ఎప్పటి నుంచో రాయించుకోండి. వాన నీళ్ల చెరువుల గడ్డి ఎవరు కోస్తారు, మడ్ కట్టిన పార్కు, స్విమ్మింగ్ పూల్ ఎవరివి, మీ డిపాజిట్ ఎవరి దగ్గరికి వెళుతుంది, ఆటోపే కొత్త అకౌంట్‌కి మారుతుందా. అకౌంట్ నంబర్ మారి ఆటోపే తప్పి లేట్ ఫీజు పడటం ప్రతి బదిలీలోనూ జరుగుతుంది.

చదవవలసిన కాగితాలు మూడు. మడ్ వార్షిక ఆడిట్, అందులో మిగిలిన బాండ్లు ఏ ఏడాదికి తీరతాయో పట్టిక ఉంటుంది, డెవలపర్ బాకీ ఉంటుంది, ఓటర్లు అనుమతించినా ఇంకా అమ్మని బాండ్లు ఎన్నో ఉంటుంది. ఆ చివరిది పెద్దదైతే రేటు ఇప్పట్లో దిగదు. రెండోది, బాండ్లు అమ్మినప్పుడు ఇచ్చిన అఫీషియల్ స్టేట్‌మెంట్, ఎమ్మా అనే వెబ్‌సైట్‌లో ఉచితంగా దొరుకుతుంది. మూడోది మడ్ పుట్టినప్పుడు సిటీ అనుమతిగా ఇచ్చిన సమ్మతి తీర్మానం, దానితో పాటు పార్ట్‌నర్‌షిప్ ఒప్పందం ఉంటే అదీ. సర్‌చార్జీ ఉందో లేదో, ఎంత కాలమో వీటిలోనే తేలుతుంది.

ఇల్లు అమ్మడం గురించి: విలీనం జరగబోతోందన్న ఒక్క కారణంతో అమ్మకండి. కొనేవాడు చూసేది మొత్తం పన్ను రేటు, స్కూలు. మడ్ రేటు ఎక్కువగా ఉన్న కాలనీ సిటీలో కలిస్తే మొత్తం రేటు తగ్గి మీ ఇంటికి మేలే జరగవచ్చు. ఆడిట్‌లో అప్పు ఇంకా ఇరవై ఏళ్లు ఉందని తేలి, విలీనం తేదీ ఎక్కడా రాసి లేకపోతే, అప్పుడు మీ నెలవారీ బడ్జెట్ ఈ రేటుని తట్టుకోగలదా అని ఆలోచించండి. అప్పు తీరే ఏడాది, విలీనం తేదీ, సమ్మతి తీర్మానంలో సర్‌చార్జీ పేరా, ఈ మూడూ ఇక్కడ పెట్టండి. మీ ఇంటి లెక్క కలిసి వేద్దాం.